తెల్లబల్ల

మార్చి 3

పిలిచారు. పిలుస్తారని నాకు తెలుసు.

నా పాత శిష్యుడు నంగి స్వయంగా ఫోన్ చేశాడు. "సార్, మీరు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు. సలహాదారుల్లో మీ పేరుంటే మాకు గౌరవం." ఊరికే కూర్చోవడానికి ముసలివాళ్ళు కావాలి, గౌరవానికి గోడ మీద ఫోటోలు కావాలి. రెండూ ఒకడిలోనే దొరుకుతాయని నన్ను పిలిచినట్టున్నాడు.

వస్తానన్నాను. లోపల నా కూతురుందని కాదు. ఫోన్ పెట్టేసేదాకా ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.

మార్చి 4

వాళ్ళు దాన్ని 'ఇల్లు' అంటారు. నేను చూసింది డబ్బా. పెద్ద షెడ్డులో ఇనుప డబ్బా, దానికి తలుపు ఒకటే. లోపల నలుగురు మనుషులు, వరసగా అరలు, అరల్లో మట్టి లేకుండా నీళ్ళలోనే పెరిగే మొక్కలు, పైన గులాబిరంగు దీపాలు. రేపెప్పుడో ఆకాశంలో కట్టబోయే ఇంట్లో ఇలాగే ఏళ్ళ తరబడి బతకాలట. అందుకు ఇది సాధన. తిండిలో సగం ఆ మొక్కలే పెట్టాలి. ఏడాది తిరక్కుండా తలుపు తెరిస్తే పరీక్ష పోయినట్టే. ఆ నలుగురినీ ఇక ఏ ప్రయాణానికీ ఎంచుకోరు.

మొక్కల బాగోగులు చూసేది మనిషి కాదు. అరకో కెమెరా ఉంది. ఆ కెమెరాల వెనక ఒక యంత్రం ఉంది. దానికి ఫోటోలు చూపించి చూపించి ఏది జబ్బు ఆకో, ఏది మంచి ఆకో నేర్పారు. పేరు 'కన్ను'. లోపలివాళ్ళు దాని మాట వినాలి. మాకు స్క్రీను మీద కనిపిస్తుంది: ఆరోగ్యం, ఆరోగ్యం, ఆరోగ్యం. అంత ఆరోగ్యం నేను ఎక్కడా చూడలేదు, పెళ్ళి సంబంధాల మాటల్లో తప్ప.

నంగి నియమం చెప్పాడు. "లోపలివాళ్ళకి పంట గురించి ఒక్క ముక్క చెప్పకూడదు సార్. చెబితే పరీక్ష రద్దు. కన్నుకి మాత్రం ఎంతైనా నేర్పొచ్చు. పైకి వెళ్ళాక కూడా ఇక్కణ్ణుంచి దానికి పాఠాలు పంపొచ్చు కదా."

"అంటే మనుషులకి చెప్పకూడదు, యంత్రానికి చెప్పొచ్చు."

"అంతే సార్."

"లోకం అలాగే తగలడింది లే," అన్నాను.

గోడకి దళసరి అద్దం ఉంది. ఇటు నుంచి అటు కనిపిస్తుంది. అటు నుంచి చూస్తే వాళ్ళ మొహాలే వాళ్ళకి కనిపిస్తాయి. నేను బంగాళాదుంప మొక్కల్ని మాత్రమే చూశాను. మధ్యలో ఎవరో అడ్డొస్తే అది నా తప్పు కాదు.

జుట్టు కత్తిరించుకుంది.

మార్చి 6

నా తెల్లబల్ల ఇవాళ కనిపించింది. నడవాలో ఉంది. దాని మీద టీ కెటిల్ పెట్టారు. కప్పుల అడుగున మిగిలిన టీ గుండ్రాలు గుండ్రాలుగా ఎండిపోయి, పలక అంతా తామర పట్టినట్టుంది.

ముప్ఫై ఏళ్ళు ఇక్కడి మొక్కల రోగాల ప్రయోగశాలలో నాదొకటే చట్టం. మొక్క మీద అనుమానం రాగానే కుండీతో సహా ఎత్తి తెల్లబల్ల మీద పెట్టాలి. తెల్లటి పలక, తెల్లటి దీపం. చూసేది అక్కడే, ఫోటో తీసేదీ అక్కడే. రంగు దీపాల కింద ఆకుని చూసి రోగం పేరు చెప్పేవాడు వైద్యుడు కాదు, సోది చెప్పేవాడు. మంచి మొక్కని తెచ్చి ఆ బల్ల మీద పెట్టినవాణ్ణి ఆ పూటకి బయటికి పంపేవాణ్ణి. రోగుల మంచం మీద రోగులే పడుకోవాలి.

ఆ చట్టం కింద పెరిగినవాడే నంగి. ఆ పేరు పెట్టింది నేనే. నంగనాచిలో సగం. ఒకసారి నోటిపరీక్షలో వేరుకుళ్ళు గురించి అడిగితే ఆకుమచ్చ గురించి కూడా చెప్పుకుపోయాడు. "అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిదానికి నోరు మూసుకో," అన్నాను, పదిమంది ముందు. మూసుకున్నాడు. మూసుకున్న నోటితోనే మెట్లెక్కి నా కుర్చీ దాకా వచ్చాడు. ఆరేళ్ళ కిందట నన్ను సాగనంపిన రోజున నన్ను 'నడిచే గ్రంథాలయం' అన్నాడు. గ్రంథాలయంలో ఎవరు ఉంటారు? దుమ్ము, చెదలు, నిద్రపోయేవాళ్ళు. వాడు ఆలోచించే అన్నాడు.

ఆ తర్వాత నా కూతురు వెళ్ళి వాడి దగ్గరే పరిశోధనకి చేరింది. నా శిష్యుడికి శిష్యురాలు నా కూతురు. వరసలు కలపడంలో దేవుడికి నా మీద ఉన్నంత కసి ఇంకెవరి మీదా లేదు.

మార్చి 9

కన్నుకి చదువు చెప్పిన ఇంజనీరు ఒకమ్మాయి. అందరూ మిషనమ్మాయి అంటారు. పలుచగా, పొడుగ్గా ఉంటుంది. నోటికి మాత్రం భయం లేదు.

"మా కన్నుకి పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి సార్."

"అన్ని మార్కులు వచ్చినవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. ప్రశ్నలు ముందే తెలిసి ఉంటాయి."

"మీకెన్ని వచ్చేవి సార్?"

"నూరు."

పకపకా నవ్వింది. పెంపకం సరిగ్గా లేదు.

మార్చి 11

నీళ్ళలో వేళ్ళూనిన మొక్కకి దాహం వేయకూడదు. మూడో అర బంగాళాదుంపలకి దాహం వేస్తోంది. దీపాలు పూర్తిగా వెలిగిన కాసేపటికి ఆకులు వాలుతున్నాయి. దీపాలు తగ్గగానే మళ్ళీ లేస్తున్నాయి. గులాబిరంగులో ఆకుపచ్చ కూడా నల్లగానే కనిపిస్తుంది, కాబట్టి రంగు చూసి ఏమీ చెప్పలేం. వాలు చూసి చెప్పాలి. ఎదురుగా నీళ్ళు పెట్టుకుని దాహంతో తూలుతున్నవాడికి జబ్బు ఎక్కడ? నోట్లో. మొక్కకి నోరు వేరు. వేరుకుళ్ళు. ఆ అర నీళ్ళలోకి దిగి ఉంటుంది.

కన్ను ఏమందో చూశాను. ఆరోగ్యం.

ఇంటికి వచ్చాను. ఆకలి బాగా వేసింది.

మార్చి 12

నన్నెవరూ అడగలేదు.

మార్చి 15, ఆదివారం

వారానికోసారి లోపలివాళ్ళు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. సంస్థవాళ్ళు వింటూ ఉంటారు. మేము ఇంటి కబుర్లు తప్ప మాట్లాడకూడదు. మేమంటే ఇంటావిడ. ఫోన్ స్పీకర్ పెట్టి ముందుగదిలో కూర్చుంటుంది. నేనూ అక్కడే కూర్చుంటాను, పేపరు చదువుకోవడానికి. వెలుతురు ఆ గదిలోనే బాగుంటుంది.

"బంగాళాదుంపలు అలిగాయమ్మా," అంది అమ్మాయి.

"అలిగితే బతిమాలు."

"బతిమాలితే దిగివచ్చే రకం కాదు. మనింట్లో ఒకాయన లేరూ? ఆ రకం."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళకి నవ్వుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి, అంతే.

అలగడం నా మాట. దానికి ఆరేళ్ళప్పుడు బడి అయ్యాక ప్రయోగశాలకి తీసుకొచ్చేవాణ్ణి. తెల్లబల్ల చివర కూర్చుని లెక్కలు చేసుకునేది. వాలిన మొక్కని చూసి చచ్చిపోయిందా అని ఏడిస్తే, "లేదు, అలిగింది. పగలు అలిగి సాయంత్రం లేచిందంటే వేరు చూడాలి," అని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు ఎంతమందికి చెప్పినా ఒక్కడి తలకీ ఎక్కలేదు. దీనికి ఎక్కి కూర్చుంది.

ఫోన్ అయ్యేదాకా నేను పేపరు తలకిందులుగా పట్టుకున్నానని ఇంటావిడ అంటోంది. అబద్ధం.

మార్చి 17

మిషనమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నీ కన్ను దేన్ని చూసి నేర్చుకుందో నాకు చూపించు," అన్నాను.

"మీవే సార్. మీ ముప్ఫై ఏళ్ళ ఫోటోలన్నీ దానికి పెట్టేశాం. గుర్తులు పెట్టడానికి మీరు రానన్నారటగా, అందుకని ఫోటోల కింద మీ రోజుల్లో రాసిన పేర్లే వాడుకున్నాం. ఎడమపక్క మంచివి, కుడిపక్క జబ్బువి."

నిరుడు ఆ పని మీద కబురొచ్చిన మాట నిజమే. యంత్రానికి అక్షరాభ్యాసం చేయించే వయసు కాదు నాదని చెప్పి పంపాను.

స్క్రీను వైపు చూశాను. ఎడమపక్కంతా అరలు, దీపాలు. కుడిపక్కంతా తెలుపు. ఒకటి కాదు, రెండు కాదు, కుడిపక్క ప్రతి ఫోటోలోనూ ఆకు వెనక నా తెల్లబల్ల. ఒకదాంట్లో ఓ మూల చిన్న పెన్సిల్ పెట్టె కూడా పడింది. ఎవరిదో నాకు తెలుసు.

"ఒక మంచి మొక్కని ఈ బల్ల మీద పెడితే కన్ను ఏమంటుంది?" అన్నాను.

"అలాంటి ఫోటో ఒక్కటీ లేదు సార్. ఎందుకు లేదంటారు?"

"ఏమో," అన్నాను. టీ తాగి వస్తానని లేచాను.

నడవాలో నా బల్ల పక్కన నిలబడి, టీ చల్లారేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. కన్ను ఆకుని చూడటం నేర్చుకోలేదు. ఆ పిచ్చిమొహం నా బల్లని చూడటం నేర్చుకుంది! వెనక తెలుపు ఉంటే రోగం, లేకపోతే ఆరోగ్యం. పరీక్ష పెట్టిన ఫోటోలు కూడా ఆ గుట్టలోవే కాబట్టి తొంభై ఎనిమిది మార్కులు. డబ్బాలో తెల్లబల్ల లేదు. కాబట్టి అక్కడ మొక్క కుళ్ళి నీరైపోయినా కన్నుకి ఆరోగ్యమే.

నంగి నా కుర్చీ తీసుకున్నాడు, నా గది తీసుకున్నాడు, నా పిల్లని తీసుకున్నాడు, నా బల్ల మీద కెటిల్ పెట్టాడు. ఆ బల్ల మాత్రం నా తరఫున వాడి కొంపకి నిప్పు పెట్టింది. కంచే చేను మేస్తుందంటారు. ఆ కంచె ఎవడు కట్టాడో ఇన్నాళ్ళూ ఎవడూ అడగలేదు.

చాలా రోజుల తర్వాత దారంతా నడిచి ఇంటికి వచ్చాను.

మార్చి 18

నన్నెవరూ అడగలేదు. పిల్లలు తప్పు చేసినప్పుడు వాళ్ళంతట వాళ్ళు తెలుసుకునేదాకా ఆగడం మంచి గురువు లక్షణం.

మార్చి 20

మూడో అరలో కొన్ని గుంటలు ఖాళీగా కనిపించాయి. ముదరకుండానే పీక్కుని తిన్నట్టున్నారు. ఆకలికి ఆగలేని మనుషులు ఆకాశానికి వెళతారట.

నంగి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. నా కుర్చీకి కొత్త గుడ్డ వేయించాడు. రంగు బాగాలేదు.

"ఎలా ఉంది సార్ మా పంట?"

అడిగాడు. నిజమే, అడిగాడు. కానీ అది అడగడమా? పెళ్ళిలో భోజనం ఎలా ఉందని అడిగినట్టు అడిగాడు.

"మీ కన్ను ఏమంటోంది?"

"అంతా బాగుందంటోంది సార్."

"అయితే ఇక నేనెందుకు?"

ఎదురుగా ఉన్న కాగితాలు సర్దాడు. వాడికి సర్దుకోవడం బాగా వచ్చు. ఆ తర్వాత, "అమ్మాయి బాగా చేస్తోంది సార్. ఈ ఏడాది సవ్యంగా గడిస్తే పైకి వెళ్ళే మొదటి జట్టులో దాని పేరు ఖాయం. పంట పోయి తలుపు తెరవాల్సి వస్తే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు.

'దాని పేరు' అన్నాడు. నా కూతుర్ని నా ఎదురుగా 'అది' అనే చనువు వీడికి వచ్చింది.

తలుపు తెరిస్తే ఏమవుతుంది? మనిషి నేల మీద ఉంటుంది. అన్నం తింటుంది. నలుగురిలా గాలి పీలుస్తుంది. అందులో ఘోరం ఏముందో నాకు అర్థం కాదు.

మార్చి 22, ఆదివారం

అమ్మాయి గొంతు సన్నబడింది. "ఏం తిన్నావే?" అని తల్లి అడిగితే, "ఉన్నదే తిన్నామమ్మా. మిగతా ముగ్గురూ నా మీద పళ్ళు నూరుతున్నారు. నూరడానికి పళ్ళకీ ఏదో పని ఉండాలిగా," అంది.

ఫోన్ పెట్టేశాక ఇంటావిడ నా చేతిలోంచి పేపరు లాగేసింది.

"ఏం జరుగుతోంది అక్కడ?"

"నాకేం తెలుసు?"

"మంగళవారం నుంచి గడ్డం గీసుకుంటూ పాటలు పాడుతున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మీ మొహంలో నవ్వు ఎప్పుడొస్తుందో నాకు తెలీదా? ఎవరి కొంపో మునుగుతోంది. ఎవరిదీ?"

"నంగిది."

"దాంట్లో ఉన్నది ఎవరు?"

చెప్పాను. బల్ల, కన్ను, వేరుకుళ్ళు, అన్నీ. చెబుతుంటే నవ్వు కూడా వచ్చింది. ఆవిడకి రాలేదు.

"అయితే ఆ పిల్ల ఆకలితో మాడుతుంటే మీరు అద్దం అవతల కూర్చుని వినోదం చూస్తున్నారా?"

"మనుషులకి చెప్పకూడదని నియమం. చెబితే పరీక్ష రద్దు. దాని పేరే పోతుంది."

"ఆ యంత్రానికి నేర్పొచ్చన్నారుగా?"

"నేను? ఆ గుడ్డిదానికి? వాడి కింద కూర్చుని?"

"అదీ సంగతి," అంది. "పిల్ల పైకి వెళ్ళకూడదు, శిష్యుడు పైకి రాకూడదు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. పైగా రాయి కూడా మీరు విసరక్కర్లేదు. మీరు మొక్కల డాక్టరెలా అయ్యారండీ? తెగులు కదూ మీరు!"

జవాబు చెప్పాలనుకున్నాను. గొప్ప జవాబే తట్టింది. ఇప్పుడు రాద్దామంటే గుర్తు రావడం లేదు.

మార్చి 23

ఇంటావిడ మాట్లాడటం లేదు. కంచం పెట్టి వెళ్ళిపోతోంది. కంచం పెట్టే చప్పుడు మాత్రం మాట్లాడుతోంది.

మార్చి 24

నంగి గదికి వెళ్ళాను. మిషనమ్మాయిని కూడా పిలిపించమన్నాను. ముందు నా షరతు చెప్పాను.

"నా బల్ల మీదున్న కెటిల్ తీయించు."

"ఏ బల్ల సార్?"

"నీ కన్ను చూస్తున్న బల్ల."

ఆ తర్వాత చెప్పాను. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపింది, ఆ తర్వాత స్క్రీను ముందుకి పరిగెత్తింది, ఆ తర్వాత తల పట్టుకుంది. "అయ్యో సార్! నేను ఆకులే చూశాను సార్, వెనక ఏముందో చూడనే లేదు!"

"నీ కన్ను వెనకదే చూసింది, ఆకు చూడలేదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి."

నంగి మొహం సున్నం కొట్టినట్టయింది. ఈ క్షణం కోసమే ఆరేళ్ళు బతికాను. అనుకున్నంత రుచిగా లేదు.

"ఎప్పుడు గమనించారు సార్?" అన్నాడు.

"ఇవాళే," అన్నాను.

నడవాలోకి వెళ్ళి కెటిల్ తనే తీశాడు. రుమాలుతో పలక తుడిచాడు. మరకలు పోలేదు.

మార్చి 27

జబ్బు ఆకు చుట్టూ గీత గీసి బల్లని చెరిపేయాలి. ఒక్కో ఫోటోలో ఒక్కో ఆకు. చెయ్యి వణికితే ఆకుకి కొమ్ములొస్తున్నాయి.

"సార్, ఇది ఆకా, మేకా?" అంటుంది మిషనమ్మాయి.

"నోరు మూసుకుని చెరుపు."

అంతకంటే దరిద్రమైన పని ఇంకొకటుంది. కన్నుకి బల్ల మీద నమ్మకం పోవాలంటే మంచి మొక్కల్ని కూడా బల్ల మీద పెట్టి ఫోటోలు తీయాలి. ఏ పని చేసినందుకు మనుషుల్ని బయటికి గెంటానో, ఆ పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే చేస్తున్నాను. కుండీ ఎత్తుతుంటే నంగి వచ్చి ఆ పక్క పట్టుకున్నాడు. వద్దనలేదు. బరువుగా ఉంది.

జబ్బు మొక్క అరలో ఎలా ఉంటుందో కన్నుకి చూపించడానికి, బయటి అరల్లో అవే దీపాల కింద కొన్ని మంచి మొక్కలకి నా చేత్తో కుళ్ళు అంటించాను. జీవితమంతా మాన్పినవాణ్ణి. తెగులు కదూ మీరు, అంది ఆవిడ. నిజం చేశాను.

మార్చి 29, ఆదివారం

ఇంటావిడ ఫోన్ తీసుకుని వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నవ్వు వినిపించలేదు. నేను పేపరు చదివాను. పేపరులో ఏమీ లేదు.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం కొత్త కన్నుని లోపలికి పంపారు. అందరం స్క్రీను ముందు నిలబడ్డాం. మొదటి అర ఆరోగ్యం. రెండో అర ఆరోగ్యం. మూడో అర దగ్గర ఎర్రగా వెలిగింది. వేరు చూడండి, అంది.

చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అద్దం దగ్గరికి వెళ్ళాను.

లోపల అమ్మాయి కంగారు పడలేదు. పరిగెత్తలేదు. మూడో అర గొట్టాలు మిగతావాటి నుంచి అప్పటికే విడదీసి ఉన్నాయి. దాని నీళ్ళు విడిగా తిరుగుతున్నాయి. వాలే మొక్కలు అప్పటికే చాలావరకు లేవు. ఆ గుంటలు ఆకలికి ఖాళీ చేసినవి కావు. కన్ను ఎర్రబడ్డాక అది చేయాల్సిన పని చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మాత్రమే మిగిలింది.

దీనికి ముందే తెలుసు.

ఏప్రిల్ 5, ఆదివారం

"నాన్నని పిలువమ్మా," అంది.

ఇంటావిడ నా వైపు చూసింది. పేపరు మడిచి లేచాను.

"చెప్పు," అన్నాను.

"ఎలా ఉన్నారు?"

"ఉన్నాను."

"మీరే వచ్చి కన్నుకి నేర్పారట. చెప్పారు. ఎప్పుడు తెలిసింది నాన్నా మీకు?"

వాళ్ళు వింటున్నారు. నంగికి 'ఇవాళే' అని చెప్పాను. అదే అంటే సరిపోయేది. 'నన్నెవరూ అడగలేదు' అనే మాట కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇన్నాళ్ళు అరగదీసిన మాట. కానీ ఇది అడుగుతోంది.

"పదిహేడున," అన్నాను.

"నాకు పోయిన నెల మొదట్లోనే తెలిసింది. నా తెల్ల దుప్పటి ఉతికి అరల ముందు ఆరేశాను. ఇక చూడండి, కన్ను ఒకటే గోల. దుప్పటి ముందు ఏ మొక్క ఉంటే దానికల్లా రోగమట. బయట ఎవరూ గమనించేలోపే దుప్పటి తీశాను, నోరు మూసుకుంది. మీ బల్ల గుర్తొచ్చింది. దాని మీద కూర్చునే కదా ఎక్కాలు నేర్చుకున్నాను."

"మరి వెంటనే రాయాల్సింది కదా! కన్ను తప్పని తెలిస్తే రిపోర్టు రాయాలని నియమం ఉందిగా?"

"రాస్తే కారణం కూడా రాయాలి. కారణం మీ బల్ల. సంస్థ రిపోర్టులో మొదటి పేజీలో మీ పేరు ఆ లెక్కన పడటం నాకు ఇష్టం లేకపోయింది. సలహాదారుల్లో మీరూ ఉన్నారని అమ్మ చెప్పింది, మీరే చూస్తారు, చూస్తే మీరే చెబుతారు అనుకున్నాను. అందాకా చేత్తో పీకేసి, పస్తులుండి నెట్టుకొచ్చాం. మీరు ఇంత లేటు చేస్తారనుకోలేదు."

"నువ్వు ఆగావని నాకెలా తెలుస్తుంది?"

"అలిగాయని చెప్పాను కదా నాన్నా."

ఇంటావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

నా పేరు కాపాడటానికి అది తిండి మానేసిందట. రిపోర్టు రాయనందుకు ఇప్పుడు దాని పేరే పోయినా పోవచ్చు. ఎవరడిగారు దాన్ని? నా పేరు నేను ముప్ఫై ఏళ్ళు కాపాడుకున్నాను, నాకు ఎవరి దుప్పట్లూ అక్కర్లేదు. ఎవరడిగారు?

ఈ ముక్క ఫోన్లో అనలేకపోయాను. "జుట్టు ఎందుకు కత్తిరించుకున్నావు?" అన్నాను.

"మీకెలా తెలుసు?" అంది.

ఏప్రిల్ 6

వెళ్ళాను. వెళ్ళకపోతే భయపడ్డాననుకుంటారు.

బల్ల మళ్ళీ ప్రయోగశాలలోకి వచ్చింది. అవతలి పక్క నంగి నిలబడి ఉన్నాడు. రిపోర్టు దాచిందని నా కూతురి పేరు కొట్టేయాలన్నా, నేను ఏడు రోజులు నవ్వుకుంటూ కూర్చున్నానని నలుగురికీ చాటాలన్నా వాడు నోరు తెరిస్తే చాలు. వాడి స్థానంలో నేనుంటే ఈపాటికి తెరిచేవాణ్ణి.

"ఆదివారం ఫోన్లు వినే మనిషి నిన్న సెలవులో ఉన్నాడు సార్," అన్నాడు. "ఆ కాసేపూ నేనే కూర్చున్నాను."

"అయితే?"

"పైవాళ్ళు ఏమీ అడగలేదు." కుండీని కాస్త నా వైపు జరిపాడు. "అడగనిదానికి నోరు మూసుకోమని మీరే కదా సార్ నేర్పింది."

వాడి మొహంలో వెటకారం కోసం వెతికాను. ఎక్కడో ఓ మూలన ఉంటే పట్టుకుని ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. ఈ వయసులో మనిషికి కాలక్షేపం కావాలి కదా. దొరకలేదు.

మిషనమ్మాయి కుండీ చూపించి, "సార్, దీనికి ఏం రాయమంటారు?" అంది.

ఆకు తిప్పి చూశాను. అడుగు చూశాను. వేరు చూశాను. తెల్లబల్ల మీద ఉంది.

"ఆరోగ్యం," అన్నాను.

నంగి ఇంకా అక్కడే ఉన్నాడు. వాడికో మాట చెప్పాలనిపించింది. వాడు అడగలేదు.